కోయా కొండపై ఒక రాత్రి

బాటసారికి ప్రొద్దుగూకు వేళ పుట్టు ప్రశ్న ఒక్కటే: ఈ రాత్రి తల దాచుకొనుట యెక్కడ? మన పూర్వులు ఈ ప్రశ్నకు సత్రములు కట్టించి సమాధానము చెప్పిరి. బౌద్ధమతము వ్యాపించిన దేశములలో ఆ పని పెక్కుచోట్ల విహారములును, ఆలయములును చేసినవి. బర్మాదేశమున దాతలు బాటల ప్రక్కను, పగోడాల ఆవరణలలోను ‘జయత్’ అను పేరుగల విశ్రాంతి మండపములు కట్టించి విడిచిరి. దక్షిణ కొరియాలో 2002వ సంవత్సరమున ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగినపుడు, వచ్చువారికి వసతి చాలదేమో అను తలంపుతో బౌద్ధాలయములు విదేశీయులకు తమ గదులు తెరచినవి. ఆ యేర్పాటు పోటీలతో ముగియక నేటికిని సాగుచున్నది. జపానులో ఆలయములందలి బసకు ‘షుకుబో’ అని పేరు. అచట ఈ ఆచారము మిక్కిలి ప్రాచీనమైనది. అట్టి బసలకు పేరుపడిన కోయా కొండను గూర్చి, అచట ఒక రాత్రి గడపదలచినవారు తెలిసికొనదగిన విషయములను గూర్చి ఈ ప్రసంగములో మనవి చేసెదను.

కొన్ని యేండ్ల క్రిందట, ఒసాకా నగరములో ఉద్యోగము చేయుచున్న మా తమ్ముని యింటికి వెళ్ళినపుడు, డెబ్బదియేండ్లు దాటిన మా అమ్మగారితో కలిసి నేను ఆ కొండపై ఒక రాత్రి బస చేసితిని. గుడిలో బస అనగానే ఆమె సంతోషించిరి. కాని ఒక్కొక్కరికి ఇంత అని రుసుము చెల్లింపవలెనని తెలిసిన పిమ్మట వారి మొగము మారినది. “డబ్బు పుచ్చుకుని పెట్టే అన్నం హోటలు అన్నమే కదుటే? దానికి గుడి పేరెందుకూ?” అని అడిగిరి. నా కప్పుడు బదులు తోచలేదు. ఆ ప్రశ్నను వెంటబెట్టుకొనియే మేము కొండ యెక్కితిమి.

కోయా కొండ జపానులోని వకయమ మండలములో ఉన్నది. కొండ యనగా ఒక్క శిఖరము గాదు. సముద్రమట్టమునకు సుమారు 800 మీటర్ల యెత్తున, చుట్టును శిఖరములు క్రమ్ముకొనియున్న ఒక చదునైన లోయ. ఆ శిఖరములను ఎనిమిది రేకుల పద్మముతో పోల్చుట అచటివారి సంప్రదాయము. క్రీ.శ. 816వ సంవత్సరమున సాగ చక్రవర్తి ఈ స్థలమును కూకై అను భిక్షువునకు ధ్యానస్థానముగా అనుగ్రహించెను. కూకై 774లో జన్మించి, 804లో చైనాకు నౌకాయానము చేసి, చాంగాన్ నగరములో హుయిగువో అను ఆచార్యుని కడ మంత్రశాస్త్రమును, ప్రజ్ఞుడను భారతీయ భిక్షువు కడ సంస్కృతమును అభ్యసించి, 806లో స్వదేశమునకు మరలి వచ్చెను. ఆయన నెలకొల్పిన శాఖకు ‘షింగోన్’ అని పేరు. ఆ మాటకు సత్యవాక్కు అని అర్థము; మన మంత్రశబ్దమునకు అది చైనా మీదుగా వచ్చిన అనువాదము. 835లో ఆయన దేహము చాలించెనని చరిత్రకారులు వ్రాయుదురు. భక్తులు మాత్రము ఆయన చనిపోలేదనియు, కొండపై ఒక గుహలో నేటికిని సమాధినిష్ఠలో ఉన్నాడనియు విశ్వసింతురు. 921లో చక్రవర్తి ఆయనకు కోబో దైషి అను బిరుదము నొసగెను. జనులు ఆయనను నేడు పిలుచునది ఆ పేరుతోనే.

ఒకప్పుడు ఈ కొండపై వేయికి పైబడి ఆలయములుండెడివి. నేడు 117 మిగిలియున్నవి. వానిలో సుమారు 50 ఆలయములు యాత్రికులకు బస యిచ్చుచున్నవి. 2004లో ఈ ప్రాంతపు పుణ్యక్షేత్రములను, యాత్రామార్గములను యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. అది మొదలు విదేశీయుల రాక మిక్కిలి హెచ్చినది.

కొండపైకి పోవుటకు రెండు దారులు కలవు. ప్రాచీన మార్గము కొండ క్రింది జిసొన్-ఇన్ ఆలయము కడ ఆరంభమై అడవిలో సుమారు 20 కిలోమీటర్లు సాగును. దారి పొడవునను 109 మీటర్ల కొక్కటి చొప్పున నిలువెత్తు రాతిస్తంభములు నాటబడియున్నవి. మొదట అవి కొయ్యవి; 13వ శతాబ్దిలో వానికి మారుగా రాతివి నిలిపిరి. కొండపైని ప్రధానాలయ ప్రాంగణము వరకు అవి 180. పూర్వము భక్తులు ఒక్కొక్క స్తంభము కడ నిలిచి చేతులు జోడించుచు నడచెడివారు. రెండవది రైలు మార్గము. ఒసాకాలోని నంబా స్టేషనులో ఎక్కినచో గంటన్నరలో కొండ పాదమున గల గొకురాకుబాషి చేరవచ్చును. ఆ పేరునకు సుఖావతీ లోకపు వంతెన యని అర్థము. అచటినుండి ఉక్కుత్రాళ్ళతో లాగబడు మెట్లబండి ఐదు నిమిషములలో 300 మీటర్లకు పైగా పైకెక్కించును. అది 1930లో ఆరంభమైనది. మోకాళ్ళ నొప్పులుగల మా అమ్మగారు అందులో కిటికీ ప్రక్కను కూర్చుండి, దేవదారు వృక్షములు క్రిందికి జారిపోవుచుండగా చూచి, “తిరుమల మెట్లు ఎక్కిన కాళ్ళకి ఇది సుఖంగానే ఉంది గానీ, పుణ్యం ఎంత వస్తుందో!” అనిరి.

పైన బస్సు ఎక్కిన పిమ్మట తొలుత వచ్చునది ఒక చిన్న మందిరము. దానిపేరు న్యోనిన్‌దో, అనగా స్త్రీల మందిరము. ఆడువారు తెలిసికొనదగిన చరిత్ర అచట ఉన్నది. వెయ్యేండ్లకు పైగా ఈ కొండపై స్త్రీలు కాలిడరాదను నిషేధముండెను. కొండకు వచ్చు ఏడు దారుల కొసలందును ఇట్టి మందిరము లుండెడివి. దూరమునుండి నడచి వచ్చిన స్త్రీలు అచటనే ఆగి, అచటనే రాత్రులు గడపి, శిఖరముల అంచుల వెంబడి చుట్టుదారిన తిరిగి, లోపలి ఆలయములకు దూరమునుండియే మ్రొక్కి మరలిపోయెడివారు. ఆ ఏడు మందిరములలో ఇపుడు నిలిచియున్నది ఇది యొక్కటే. కూకై కన్నతల్లి సయితము కొండ యెక్కలేదనియు, ఆమె క్రిందనే జిసొన్-ఇన్ కడ నివసింపగా, కుమారుడు నెలకు తొమ్మిది పర్యాయములు దిగివచ్చి ఆమెను దర్శించెడివాడనియు ఐతిహ్యము. ఆ యూరి పేరు కుదొయమ. తొమ్మిది మారుల కొండ యని దానికి చెప్పు అర్థము. 1872లో జపాను ప్రభుత్వము ఇట్టి నిషేధముల నెత్తివేసెను. ఆచరణలో కోయా కొండ తలుపులు పూర్తిగా తెరచుకొనుటకు 20వ శతాబ్ది ఆరంభము వరకు ఆగవలసివచ్చినది. ఈ కథ చెప్పగా మా అమ్మగారు బస్సు కిటికీనుండి ఆ మందిరము కనుమరుగగు వరకు వెనుదిరిగి చూచిరి. ఏమియు అనలేదు.

ఈ ఆలయములు బసలుగా ఎట్లు మారినవో తెలిసికొన్నగాని మా అమ్మగారి ప్రశ్నకు సమాధానము దొరకదు. మధ్యయుగములందు కోయా హిజిరి అను సంచార భిక్షువులు దేశమెల్ల తిరిగి, కోబో దైషి మహిమలను చాటుచు, విరాళములు ప్రోగుచేయుచు, చనిపోయినవారి అస్థులను కొండకు మోసికొని వచ్చెడివారు. వారి మాటలు విని జనులు కొండకు బయలుదేరిరి. వారిని ఉంచుకొనుటకు ఆలయములలో గదులేర్పడినవి. లోకులకు బస చూపిన ఈ భిక్షువులకే, తరువాతి కాలమున వారిలో కొందరు నడవడి చెడి వర్తకములలో దిగుటచే, గ్రామస్థులు రాత్రి బస యిచ్చుటకు వెనుదీసిరట. పిమ్మట సామంత ప్రభువులు ఒక్కొక్క ఆలయముతో ఒక్కొక్క ఒడంబడిక చేసికొనిరి. ప్రభువు ఆలయమును పోషించును. ఆతని ప్రజలు కొండకు వచ్చినపుడు ఆ ఆలయములోనే దిగవలెను. ఏ సీమవాడు ఏ వాకిట దిగవలెనో ముందే నిర్ణయమై యుండెడిది. మన క్షేత్రములలో సీమ కొక సత్రము, కులమున కొక సత్రము ఉండెడి దినములు దీనివలన మనకు స్ఫురింపకపోవు.

1868లో ఆరంభమైన మేజీ యుగము ఈ యేర్పాటును తలక్రిందులు చేసినది. 1871లో సామంత రాజ్యములు రద్దయ్యెను. ఆలయ భూములను ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. పోషించు ప్రభువులు లేరు, పండు మాన్యములు లేవు. మిగిలినవి భక్తుల కానుకలును, యాత్రికు లిచ్చు బస రుసుమును. నాటినుండి నేటివరకు దేవదారు కొయ్య కట్టడముల మరమ్మతులకును, పైకప్పులకును, దీపములకును, భిక్షువుల భోజనమునకును ఈ రాబడి ఒక ప్రధానాధారమై యున్నది. నేడు ఒక రాత్రికి, రెండు పూటల భోజనముతో కలిపి, ఒక్కొక్కరికి 10,000 యెన్నులకు పైబడియే రుసుముండును. గదిని, భోజనమును బట్టి అది ఇంకను పెరుగును.

ఇక బస క్రమమును చెప్పెదను. గదిని ముందుగా కోరి నిశ్చయించుకొనవలెను. కొండపై దీనికొక కార్యాలయము కలదు. సాయంకాలము 5 గంటలకు లోపుగా చేరుట మర్యాద. ఏలయనగా భోజనము ఐదున్నర, ఆరు గంటలకే పెట్టుదురు. ఆలస్యముగా వచ్చినవారికి వేరుగా వండరు. వాకిట పాదరక్షలు విడువవలెను. నడవలలో నడచుటకు మెత్తని చెప్పులిత్తురు. కాని గడ్డితో నేసిన ‘తతమి’ చాపలు పరచిన గదిలోనికి అవియును పనికిరావు. మరుగుదొడ్డికి వేరొక జత. ఈ మూడింటిని తారుమారు చేయుట క్రొత్తవారికి సహజము. నేనును ఆ తప్పు చేసితిని. ఒక యువ భిక్షువు ఏమియు పలుకక వంగి, నేను చాపపై విడిచిన చెప్పులను తీసి గడప వెలుపల తిన్నగా పెట్టెను. ఏమైన అనినచో అంత సిగ్గు కలిగెడిది కాదు.

గదుల నడుమ గోడలుండవు. కాగితముతోను, సన్నని కొయ్యతోను చేసిన జరుగు తలుపులే యుండును. పెక్కు ఆలయములలో వానికి గడియలు లేవు. ప్రక్కగదిలోని దగ్గు వినబడును. మన మాటలు వారికి వినబడును. శీతకాలమున చలి తీవ్రము, నీరు గడ్డకట్టును. నూనె పొయ్యి యొకటి, లేక క్రింద వేడిగల పొట్టి బల్ల యొకటి గదిలో నుంతురు. నడవలో ఆ వేడియు ఉండదు.

భోజనమును శోజిన్ వంటకమందురు. మాంసము, చేపలు, గ్రుడ్లు లేవు. నీరుల్లి, వెల్లుల్లి మొదలగు ఘాటైన దినుసులును నిషిద్ధములు. జపానులో శాకాహారి యాత్రికునకు గల పెద్ద చిక్కు చేపల కషాయము. కంటికి కనబడకుండ పులుసులన్నిటిలోను అది చేరియుండును. ఇచట దానికి మారుగా సముద్రపు నాచును, ఎండు పుట్టగొడుగులను మరిగించి ఆ నీరు వాడుదురు. ఎఱ్ఱని లక్కపూత గల చిన్న పీటలపై చిన్న చిన్న గిన్నెలలో వడ్డింతురు. నువ్వుల ముద్దలో కుజు అను తీగదుంప పిండి కలిపి ఉడికించి పేర్చిన మెత్తని బిళ్ళ యొకటి. సోయా పాలను విరిచి, పూర్వము కొండ చలిలోనే గడ్డకట్టించి, ఎండబెట్టి చేసెడి ‘కోయా తోఫు’ ఒకటి. ఈ రెండును ఆ కొండ ప్రత్యేకతలు. వేయించిన కూరముక్కలు, ఊరగాయ, పులుసు, అన్నము. కోరినవారికి బియ్యపు మద్యమును ఇత్తురని దాచనక్కరలేదు. దానిని మాత్రము మద్యమనక ‘ప్రజ్ఞాజలము’ అని అర్థమిచ్చు పేరుతో పిలుతురు. నీరుల్లి తినని మా అమ్మగారు జపానులో కాలిడిన పిమ్మట అనుమానింపక భుజించిన మొదటి బయటి భోజన మిదియే. నేలపై కూర్చుండి తినుట మనకు క్రొత్త గాదు గదా! ప్రక్క వరుసలోని ఐరోపావారు కాళ్ళెటు పెట్టవలెనో తెలియక పడు పాట్లు చూచి, ఆమె తన క్రింద నున్న మెత్తను ఒకరికి జరిపి యిచ్చిరి.

వడ్డించినది చెప్పులు సరిచేసిన ఆ యువ భిక్షువే. భోజనానంతరము పరుపులు పరచినదియు ఆతడే. స్నానశాలకు దారి చూపినదియు ఆతడే. స్నానము సామూహికము, స్త్రీలకు, పురుషులకు వేర్వేరు. తొట్టి వెలుపల చిన్న పీటపై కూర్చుండి ఒళ్ళు పూర్తిగా తోముకొని, కడుగుకొని, పిమ్మటనే వేడినీటి తొట్టిలో దిగవలెను. తొట్టిలో సబ్బు వాడరాదు. అందరును ఆ నీటనే దిగవలసియుండును. సిగ్గుపడువారు జనము తగ్గిన వేళ చూచి పోవచ్చును. రాత్రి 9 గంటలు కాకముందే ద్వారము మూయుదురు. అటుపిమ్మట ఆలయమంతయు నిశ్శబ్దము.

తెల్లవారుజామున గంట వినబడును. 6 గంటల ప్రాంతమున ప్రార్థన. అతిథులు దానికి రావలెనని నిర్బంధము లేదు. కాని దానికి పోనివారు ఆ బసలో సగము పోగొట్టుకొన్నట్లే. చీకటిగా నున్న మందిరము, పైనుండి వ్రేలాడు ఇత్తడి దీపములు, సాంబ్రాణి వంటి ధూపము. నిన్న మాకు అన్నము వడ్డించిన భిక్షువు ఇపుడు పట్టు కాషాయము ధరించి, ప్రధానాచార్యుని ప్రక్కను కూర్చుండి గంభీరస్వరమున పఠించుచుండెను. నేను చరవాణి తీసి ఆ దృశ్యము పట్టబోయితిని. మా అమ్మగారు చీకటిలోనే నా మణికట్టు పట్టుకొని క్రిందికి దింపిరి. పఠనానంతరము అతిథుల నొక్కొక్కరినే ముందుకు పిలుతురు. ధూపపు పొడిని చిటికెడు తీసి, నుదుటి దాక ఎత్తి, నిప్పుపై వేసి నమస్కరింపవలెను. ఏ మతమని ఎవ్వరును అడుగరు.

శ్రద్ధగా విన్నచో ఆ పఠనములో మన మాటలు దొరకును. వారు చదువు ప్రజ్ఞాపారమితా హృదయసూత్రము సంస్కృతమునుండి చైనాకు, చైనానుండి జపానుకు పోయినది. దాని చివర మన ‘స్వాహా’ వారి నోట ‘సోవాక’ యగును. కొన్ని ఆలయములలో ప్రార్థనతోపాటు అగ్నికార్యమును చేయుదురు. దాని పేరు ‘గోమ’. హోమశబ్దమే అట్లు మారినది. ధ్యానము నేర్పునపుడు శిష్యుని ముందు పద్మముపై వ్రాసిన ఒక్క యక్షరమును వ్రేలాడదీయుదురు. అది సిద్ధమను ప్రాచీన భారతీయ లిపిలోని ‘అ’కారము. మన పిల్లలు అక్షరాభ్యాసము చేయు ‘అ’నే అచట పెద్దలు జీవితమంతయు చూచుచు కూర్చుందురు.

ఆంధ్రులకు ఇంతకంటెను దగ్గరి సంబంధ మొకటి కలదు. షింగోన్ శాఖ తన గురుపరంపరలో ఎనిమిదిమందిని చెప్పును. మహావైరోచనునితో ఆరంభమై కూకైతో ముగియు ఆ వరుసలో మూడవవాడు నాగార్జునుడు. దక్షిణ భారతమున ఒక ఇనుప స్తూపము తలుపులు తెరచి, ఆయన అందులో వజ్రసత్త్వునివలన మంత్రశాస్త్రమును గ్రహించెనని వారి గాథ. ఆ స్తూపము అమరావతి స్తూపమే కావచ్చునని ఊహించిన పండితులును కలరు. గాథకు చరిత్ర ప్రమాణము అడుగరాదు. కాని నాగార్జునుని సంప్రదాయము ముడిపెట్టు శ్రీపర్వతమున, మన నాగార్జునకొండలో, బాటసారి భిక్షువుల బసకు శాసనములే సాక్ష్యము. క్రీ.శ. 3వ శతాబ్దిలో ఇక్ష్వాకు రాజైన వీరపురుషదత్తుని కాలమున బోధిశ్రీ అను ఉపాసిక సింహళ దేశపు భిక్షువుల కొరకు అచట చైత్యగృహము కట్టించినది. 1954 నుండి 1960 వరకు జరిగిన త్రవ్వకములలో అట్టి విహారములు, వరుస గదులు పెక్కు బయల్పడినవి. ఇపుడా లోయ జలాశయము క్రింద నున్నది. పరదేశి భిక్షువునకు చోటు చూపిన ఒక స్త్రీ పేరు మాత్రము రాతిపై నిలిచినది. ఆ రాయి కంటె ఆరువందల యేండ్లు చిన్నదైన కొండపై, స్త్రీలకు చోటు దొరకుటకు వెయ్యేండ్లకు పైగా పట్టినది.

ఫలాహారము ముగించి మేము ఒకునొ-ఇన్ అను శ్మశానవాటికకు పోయితిమి. రెండు కిలోమీటర్ల బాట. ఇరుప్రక్కల ఆకాశము నంటు దేవదారులు, వాని మొదళ్ళ నాచుపట్టిన సమాధులు రెండు లక్షలకు పైబడి. బ్రతికినన్నాళ్ళు యుద్ధము లాడుకొన్న తకేదా షింగెన్, ఉయెసుగి కెన్షిన్ అను ప్రభువుల గుర్తులు ఆ బాటనే యెదురెదురుగా ఉన్నవి. చివరి వంతెన దాటిన పిమ్మట టోపీలు తీయవలెను, ఛాయాచిత్రములు తీయరాదు. ఆ పైన దీపమందిరము, దాని వెనుక కోబో దైషి సమాధి. ఆయన సజీవుడని వారి నమ్మకము గదా! కావున దినమునకు రెండు మారులు, ఉదయము 6 గంటలకు, పదిన్నరకు, భిక్షువులు కొయ్యపెట్టెలో భోజనము మోసికొనిపోయి ఆయనకు నివేదింతురు. త్రోవలో ఒక చిన్న మూర్తి కడ ఆగి, ముందుగా ఆ దేవునికి రుచి చూపుదురు. దాదాపు పన్నెండువందల యేండ్లుగా ఈ సేవ సాగుచున్నదని చెప్పుదురు.

పదిన్నర నివేదనమును మేము బాట ప్రక్కను నిలిచి చూచితిమి. పెట్టె వంతెన దాటిపోయిన పిమ్మట మా అమ్మగారు చాలసేపు పలుకక, “పొద్దున్న ఆరింటికి కూడా పెట్టారన్నమాట. ముందు ఆయనకి, తరవాత మనకి” అనిరి. మరి కొంత నడచి, “అయితే అది హోటలు అన్నం కాదులే. కానీ డబ్బులేని వాడొస్తే ఏం చేస్తారో?” అని మరియొక ప్రశ్న వేసిరి.

ఈ రెండవ ప్రశ్నయే కష్టమైనది. ఆ రుసుము బీద యాత్రికునకు అందుబాటులో లేదనుట నిజము. దానికి జపానులో వేరొక సమాధానము కలదు. కోబో దైషి పేర 88 ఆలయములను చుట్టివచ్చు షికొకు ద్వీపయాత్ర సుమారు 1,200 కిలోమీటర్లు. ఆ మార్గమున కొందరు గృహస్థులు నడచు యాత్రికులకు ఉచితముగా, లేక నామమాత్రపు సొమ్మునకు, బస యిత్తురు. దానికి ‘జెన్‌కొన్-యదొ’ అని పేరు. పుణ్యమునకు వేరైన బస యని భావము. కొన్ని ఆలయములును తమ ఆవరణలో ఒక చిన్న గదిని అట్టివారికి విడుచును. పరుపులేని, భోజనములేని, కప్పుమాత్రమైన గది. దాతృత్వము, రుసుము రెండును ప్రక్కప్రక్కనే సాగుచున్నవి.

మొదటి ప్రశ్నకు నేను ఇప్పుడు చెప్పగల బదులిది. ప్రభువులు పోషించిన కాలమున యాత్రికుడు ఒక ప్రభువు ప్రజగా, ఆ సీమవాడుగా, పురుషుడుగా కొండకు వచ్చెను. నేడు తన వ్యయము తాను భరించుకొని ఎవ్వరి ప్రజయు గాక వచ్చుచున్నాడు. నీ వేయూరివాడవని వాకిట అడుగరు. మా అమ్మగారు, నేను ఆ చాపలపై పండుకొనగలుగుటకు నిషేధము తొలగుట యొక కారణము. రుసుము నిచ్చు ఎవ్వరినైనను చేర్చుకొనవలసిన అవసరము ఆలయములకు కలుగుట మరియొకటి. ఇందు లోటును కలదు. రుసుము చెల్లించినవాడు సేవను కొన్నానని తలచును. గదికి గడియ లేదని, కూరలో మాంసము లేదని, తెల్లవారకమునుపే గంట కొట్టిరని చిరాకుపడు అతిథులను నేనక్కడ చూచితిని. ఆ చిరాకు చెవిని బడినను ఆ యువ భిక్షువు ముందువలెనే వంగి, చెప్పులు తిన్నగా పెట్టుచునే యుండెను. రుసుముతో కొనరానిది ఆ యింట నున్నదేదైన ఉన్నచో అది యిదియే. దానికి మనము బదులుగా ఈయదగినది వేళకు చేరుట, గొంతు తగ్గించుట, పఠనవేళ చేతిలోని యంత్రమును ముడిచి పెట్టుట.

బయలుదేరునపుడు మా అమ్మగారు ఆ భిక్షువునకు చేతులు జోడించి, “మళ్ళీ వస్తాం నాయనా” అని తెలుగులోనే చెప్పిరి. ఆతనికి అర్థమైనదో లేదో తెలియదు. ఆతడును చేతులు జోడించి నడుము వంచెను. మేము బస్సు నిలుచు చోటికి చేరి వెనుదిరిగి చూచునప్పటికిని ఆతడు వాకిటనే నిలిచియుండెను.